మందారానికి చలేస్తే, ఎండ తగిలితే

ఈసారి ప్రశ్నల కట్ట విప్పితే సగానికి పైగా మందారం గురించే. చలికి ఆకులన్నీ రాలిపోయాయని ఒకరు, ఎండకు మొగ్గ నిలవడం లేదని ఇంకొకరు, వానలకు ఆకులు పచ్చబడ్డాయని మరొకరు. (మన భాషలో ఇదో తికమక. పచ్చబడ్డాయంటే ఆకుపచ్చగా అయ్యాయనా, పసుపు తిరిగాయనా? కింద నేను ‘పసుపు’ అనే రాస్తాను.) మిగతా మొక్కలవాళ్ళు ఈ ఒక్కసారికి ఓపిక పట్టాలి.

జవాబుల్లోకి వెళ్ళేముందు ఒక్క మాట. మలేసియా (అప్పటికి దాని పేరు మలయా) 1960లో ఈ పువ్వునే జాతీయ పుష్పంగా ఎంచుకుంది. అక్కడి మైదానాల్లో ఏడాది పొడవునా పగలు 30 డిగ్రీలు కాస్త అటూ ఇటూ, రాత్రి 23, 24 డిగ్రీలు, గాలిలో తేమ, తరచూ వాన. మన మందారం హాయిగా ఉండేది అలాంటి చోట. మీ పెరట్లో రాత్రి ఉష్ణోగ్రత దీనికి ఎంత దూరంలో ఉందో చూసుకుంటే మీ మొక్క గొడవ ఏమిటో సగం తెలిసిపోతుంది. క్యాలెండర్‌లో నెల కాదు, థర్మామీటర్‌లో అంకె చూడండి. ఎరువుల మీద పెట్టే డబ్బులో కొంత దాని మీద పెట్టినా చాలు.

ప్ర: మేముండే చోట చలికాలంలో మంచు పడుతుందండీ. వేసవంతా బయట బ్రహ్మాండంగా పూసిన మందారం కుండీని చలి మొదలవగానే ఇంట్లోకి తెచ్చాను. రెండు వారాల్లో ఆకులన్నీ పసుపు తిరిగి రాలిపోయాయి, ఇప్పుడు పుల్లలే మిగిలాయి. నీళ్ళు సరిపోలేదేమోనని రోజూ పోస్తున్నాను. చచ్చిపోయినట్టేనా?

జ: ముందు ఆ నీళ్ళు ఆపండి. నిజంగా మొక్క చస్తే చలికి కాదు, ఆ నీళ్ళకే చస్తుంది. ఆకుల్లేని చెట్టు నీళ్ళు తాగదు, చల్లటి మట్టి త్వరగా ఆరదు, ఆ రెండూ కలిస్తే వేరు కుళ్ళు ఖాయం.

బతికి ఉందో లేదో చూడటానికి ఒక పుల్ల మీద గోటితో చిన్నగా గీకండి, గోరింత మేర చాలు. పైతోలు కింద తడిగా, ఆకుపచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ పుల్ల పోయింది, కానీ చెట్టు పోయినట్టు కాదు, ఇంకాస్త కిందికి వచ్చి మళ్ళీ గీకండి. చివర్లు ఎండి మొదలు పచ్చిగా ఉన్న మొక్కలు చాలానే చూశాను, వాటిలో ఎక్కువ భాగం తిరిగి చిగురించాయి.

ఇక ఆకులు ఎందుకు రాలాయంటే, ముఖ్యంగా వెలుతురు వల్ల. మన కంటికి కిటికీ పక్కన బాగానే వెలుగున్నట్టు అనిపిస్తుంది గానీ ఆరుబయట ఎండతో పోలిస్తే అది చాలా తక్కువ. ఎండలో తయారైన ఆకులు ఆ మసక వెలుతురులో తమ తిండి తాము సంపాదించుకోలేవు, అందుకే చెట్టు వాటిని వదిలించుకుని, ఉన్న వెలుతురుకి తగ్గట్టు కొత్త ఆకులు వేసుకుంటుంది. దానికి తోడు మీరు తెచ్చిన సమయం కూడా ఆలస్యమై ఉంటుంది. రాత్రి 10 డిగ్రీలకు దిగితే మందారం పెరుగుదల దాదాపు ఆగిపోయి ఆకులు పసుపు తిరగడం మొదలవుతుంది. వచ్చే ఏడాది రాత్రులు 12, 13 డిగ్రీలకు రాగానే లోపలికి తెచ్చేయండి, మంచు కబురు వచ్చేదాకా ఆగొద్దు. తెచ్చేముందు ఆకుల అడుగు భాగం నీళ్ళతో గట్టిగా కడగండి. లేకపోతే పేనుబంక, తెల్లదోమ కూడా మీతోపాటే ఇంట్లోకి వచ్చేస్తాయి, బయటైతే వాటిని తినే పురుగులుంటాయి, లోపల ఎవరున్నారు?

ఇంట్లో రెండు దారులున్నాయి. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వెలుతురు పడే కిటికీ దగ్గర పెట్టి, వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దింపి చూసి, అక్కడ కూడా పొడిగా ఉంటేనే నీళ్ళు పోస్తూ, ఎరువు జోలికి పోకుండా గడిపేయడం ఒకటి. హీటర్ నడిచే గదిలో గాలి పొడిబారిపోతుంది కాబట్టి ఎర్రనల్లి వస్తుంది, ఆకు మీద సన్నటి చుక్కలు, అడుగున బూజులాంటి దారాలు కనిపిస్తే అదే. కుండీని బాత్రూంలోకి తీసుకెళ్ళి షవర్ కింద పెట్టి కడగటమే మొదటి మందు. రెండో దారి, 7 నుంచి 10 డిగ్రీలుండే చల్లటి గదిలో పెట్టి నిద్రపుచ్చడం. మట్టి మరీ ఎండిపోకుండా ఎప్పుడో ఒకసారి కాసిని నీళ్ళు, అంతే. చెట్టు చూడటానికి చీపురుకట్టలా ఉంటుంది, కంగారు పడకూడదు. జాగా తక్కువున్న వాళ్ళకు నేను రెండోదే చెబుతాను, మొదటిదాంట్లో శ్రమ ఎక్కువ, పూలా అంతంతమాత్రం.

రాత్రులు మళ్ళీ 12 డిగ్రీలు దాటి నిలకడగా ఉన్నాక బయటికి తీయండి. కానీ ఒక్కసారిగా ఎండలో పెట్టొద్దు. నేను ఒక ఏడాది ఆత్రం కొద్దీ మొదటి వెచ్చటి రోజునే మొక్కను నడి ఎండలో పెట్టి పనిలో పడ్డాను, సాయంత్రానికి చిగుళ్ళన్నీ తెల్లటి మచ్చలు పడి కాలిన కాగితంలా అయ్యాయి. మొదట నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో, అలా వారం పది రోజులు అలవాటు చేయాలి.

ప్ర: పువ్వు ఒక్క రోజుకే వాడిపోతోంది, ఏం లోపం?

జ: లోపం కాదు, దాని తీరే అంత. కొత్త హైబ్రిడ్లలో కొన్నిటి పూలు రెండు మూడు రోజులుంటాయి. మామూలు రకాలవి పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటాయి. రోజూ మొగ్గలు వస్తున్నంత కాలం దీని గురించి టెన్షన్ పడొద్దు.

ప్ర: మాది విపరీతమైన ఎండ. మొక్క ఏపుగా ఉంది, మొగ్గలు గుత్తులుగా వస్తాయి, కానీ విచ్చకముందే టపటపా రాలిపోతున్నాయి. ముద్ద మందారానిది మరీ ఘోరం, నెల రోజుల నుంచి ఒక్క పువ్వు చూడలేదు. పక్కనే ఉన్న రేక మందారం మాత్రం కాస్త నయం.

జ: మీ ఉత్తరంలో చివరి వాక్యమే అసలు సంగతి చెబుతోంది. కానీ వరసలో వద్దాం.

పగలు 35 దాటిందంటే మందారం పూల కన్నా ప్రాణం చూసుకుంటుంది, మొగ్గల్ని వదిలేస్తుంది. నేలలో ఉన్న చెట్టు కొంత తట్టుకుంటుంది, అసలు ఇబ్బంది కుండీలది. నల్ల ప్లాస్టిక్ కుండీని మధ్యాహ్నం మూడింటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి, మీ చెయ్యి కాసేపు కూడా ఆగలేకపోతే లోపల అంచుకి అతుక్కున్న వేర్ల పరిస్థితీ అంతే. ఆ కుండీని ఇంకాస్త పెద్ద కుండీలో దింపి మధ్యలో ఎండుటాకులో కొబ్బరి పొట్టో నింపితే వేడి చాలా తగ్గుతుంది. మట్టి పైన రెండంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటికి మార్చగలిగితే ఇంకా మంచిది.

నీళ్ళ విషయంలో చాలామంది మోసపోయేది ఒకచోట ఉంది. మట్టి బాగా ఎండి కుండీ అంచు నుంచి విడిపోయి సన్నటి సందు పడుతుంది. మీరు పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తాయి, మీరేమో కింద నీళ్ళు కారాయి కదా, తడిసింది అనుకుంటారు. మధ్యలో వేరుముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు కుండీని అరగంట నీళ్ళ తొట్టిలో దింపి ఉంచండి, బుడగలు రావడం ఆగేదాకా. ఒకరోజు ఎండబెట్టి మరుసటి రోజు వరదలా పోసినా మొగ్గలు రాలతాయి, మందారానికి ఈ దోబూచులాట పడదు.

ఇవన్నీ సరిచేసినా రాలుతుంటే అప్పుడు పురుగు. రాలిన మొగ్గల్లో ఒకటి తీసుకుని, తెల్లకాగితం మీద పెట్టి, బ్లేడుతో నిలువుగా చీల్చండి. లోపల తెల్లగానో లేత పసుపుగానో బియ్యపు నూకంత కూడా లేని పురుగులు కదులుతూ, కొన్ని ఎగిరి గెంతుతూ కనిపిస్తే అది మొగ్గ ఈగ పిల్ల. తల్లి ఈగ దోమకన్నా చిన్నది, లేత మొగ్గలో గుడ్లు పెడుతుంది, పిల్లలు మొగ్గను లోపలినుంచి తింటాయి, మొగ్గ పసుపు తిరిగి రాలుతుంది, అవి మట్టిలోకి దిగి కోశస్థ (ప్యూపా) దశ గడిపి మళ్ళీ ఈగలై పైకి వస్తాయి. ఈ చుట్టు తిరగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ముద్ద రకాల మొగ్గలంటే వీటికి మరీ ఇష్టం, అందుకే మీ రేక మందారం నయంగా ఉంది. చీల్చినప్పుడు పురుగు లేకుండా, రేకుల మడతల్లో పసుపో నలుపో రంగున్న సన్నటి గీతల్లాంటివి పాకుతుంటే అవి తామర పురుగులు.

మందుకన్నా ముందు చేయాల్సింది ఏరడం. చెట్టు మీద పసుపు తిరిగిన మొగ్గలు, కింద రాలినవి అన్నీ రోజూ ఏరి కవర్‌లో వేసి మూతి కట్టి పారేయండి. కంపోస్టు గుంటలో వేయొద్దు, వేస్తే మీరే పెంచుతున్నట్టు. ఇలా నాలుగు వారాలు వదలకుండా చేస్తే చుట్టు తెగుతుంది, మూడో వారంలో విసుగొచ్చి ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మొగ్గ లోపల దాక్కున్న పురుగుకి పైన చల్లిన మందు అందదు కాబట్టి స్ప్రే మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ప్ర: మంచులో కూడా బతికే మందారం ఉందని విన్నాం. నిజమేనా? అదే తెచ్చుకుంటే ఈ లోపలికీ బయటికీ మోసే పని తప్పుతుంది కదా?

జ: ఉంది, కానీ అది మనం మందారం అనే హైబిస్కస్ రోజా సైనెన్సిస్ కాదు, దాని దాయాదులు. పత్తి, బెండ కూడా ఈ వంశంవే, అంతమాత్రాన అన్నీ ఒకటి కావు కదా.

ఒకటి హైబిస్కస్ సిరియాకస్. పేరులో సిరియా ఉన్నా పుట్టింది తూర్పు ఆసియాలో, దక్షిణ కొరియా వాళ్ళు జాతీయ పుష్పంగా భావించేది దీన్నే. చలికాలంలో ఆకు రాల్చి పుల్లల్లా నిలబడుతుంది, మైనస్ 20 డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. రెండోది హైబిస్కస్ మొష్యూటస్, ఉత్తర అమెరికా చిత్తడి నేలల మొక్క. పువ్వు భోజనం పళ్ళెమంత ఉంటుంది. చలికి పైభాగమంతా చచ్చిపోయి వేరు మాత్రం నేలలో బతికి ఉంటుంది, వేడి బాగా వచ్చాక గానీ చిగురు బయటపడదు. అన్నీ చిగురించాయి ఇది రాలేదని తవ్విపారేసిన వాళ్ళు ఎందరో.

కొనేటప్పుడు చీటీ నమ్మకండి, ఆకు చూడండి. ముదురాకుపచ్చగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటే చలికి తట్టుకోని మన మందారం. ఆకు మెరవకుండా, పెద్దగా ఉంటే మొష్యూటస్. చిన్నగా, మూడు పాయలుగా చీలి, అంచులు పళ్ళుపళ్ళుగా ఉంటే సిరియాకస్. చలికాలమే లేని చోట ఈ రెండూ ఉసూరుమంటూ ఉంటాయి, వాటికి ఆ నిద్ర కావాలి. కాబట్టి వెచ్చటి ప్రాంతం వాళ్ళు వీటి కోసం వెతుక్కోనక్కర్లేదు.

ప్ర: కొండ ప్రాంతం మాది, మంచు గడ్డకట్టడం అరుదు, కానీ ఏడాదంతా చల్లగానే ఉంటుంది. మందారం ఆకు నిండుగా ఉంది, పువ్వు మాత్రం నెలకొకటో రెండో. వచ్చిన పువ్వు రంగు చాలా చిక్కగా ఉంటోంది. ఎరువు పెంచమంటారా?

జ: పెంచొద్దు. నత్రజని ఎక్కువైతే ఇప్పుడున్న ఆకు ఇంకా పెరుగుతుంది, అంతే.

మీకు కావాల్సింది వేడి, దాన్ని సంచుల్లో కొనలేం, దాచుకోవాలి. పగలంతా ఎండ తగిలే గోడ ఉంటే (ఉత్తరార్ధగోళంలో అయితే దక్షిణం వైపు చూసే గోడ) దానికి దగ్గరగా పెట్టండి. రాయి, ఇటుక పగలు పట్టిన వేడిని రాత్రి మెల్లగా వదులుతాయి. కుండీని చల్లటి గచ్చు మీద కాకుండా చెక్క మీదో ఇటుకల మీదో పెట్టండి, వేరు వెచ్చగా ఉండటం ముఖ్యం. గాలి తగలకుండా చూసుకోండి. రకం ఎంపిక కూడా ఉంది: పెద్ద పెద్ద పూల, వింత రంగుల హైబ్రిడ్లు ఎక్కువగా అంటు కట్టినవి, వాటి సొంత వేరు బలహీనం, చలి వస్తే మొదట అవే మూలుగుతాయి. పాతకాలపు ఎర్ర రేక మందారం మొండిది. చూపుకి సాదాగా ఉందని చాలామంది వద్దంటారు గానీ మీలాంటి చోట నేనైతే దానితోనే మొదలుపెడతాను. రంగు చిక్కగా ఉండటం చల్లదనం వల్లే, వేడికి చాలా రకాలు పాలిపోతాయి. ఆ విషయంలో కింది మైదానాల వాళ్ళకంటే మీరు అదృష్టవంతులు.

ఎప్పుడైనా ఒక రాత్రి గడ్డకట్టే చలి వస్తుందని తెలిస్తే, పగలే మట్టిని తడపండి, తడిమట్టి పొడిమట్టి కన్నా వేడిని ఎక్కువ పట్టుకుంటుంది. సాయంత్రం పాత దుప్పటి నేలదాకా కప్పి పొద్దున తీసేయండి. ప్లాస్టిక్ షీటు ఆకుకి తగిలేట్టు కప్పితే తగిలిన చోటల్లా మాడుతుంది.

ప్ర: ఎడతెగని వానలు, సముద్రపు గాలి. చివరి చిగుళ్ళు ముడుచుకుపోయి గడ్డల్లా అవుతున్నాయి, తెల్లటి పిండి, నిండా చీమలు. లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతున్నాయి. బలం లేదేమోనని గుప్పెడు డిఎపి కూడా వేశాను.

జ: అయ్యో, ఆ గుప్పెడు వేయకుండా ఉండాల్సింది. ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలున్నాయి, రెండోదాంట్లో మీ చెయ్యి కూడా ఉంది.

పిండి పిండిగా ఉన్నది పిండినల్లి. అది రసం పీల్చేటప్పుడు వదిలే లాలాజలం వల్లే చిగురు అలా ముడుచుకుంటుంది. ముడుచుకున్న చివర్లు తిరిగి విచ్చుకోవు, కత్తిరించి కవర్‌లో కట్టి పారేయండి. మిగతా చోట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట, వాన లేనప్పుడు, ఆకు అడుగున తగిలేట్టు కొట్టండి. ముందు రెండాకుల మీద ప్రయోగించి ఒకరోజు ఆగి చూడటం మంచిది. చీమల్ని ఆపకపోతే ఏం చేసినా వృథా. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం అవి దానికి కాపలా కాస్తాయి, శత్రువుల్ని దగ్గరికి రానివ్వవు. కుండీని నీళ్ళ పళ్ళెంలో ఇటుక మీద నిలబెడితే చీమల దారి మూసుకుపోతుంది.

ఒక హెచ్చరిక. ఆ తెల్ల గుంపులో మిగతావాటికన్నా పెద్దగా, ఒళ్ళంతా తెల్లటి పీచుతో, చకచకా నడిచే పురుగు కనిపిస్తే చంపకండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లి వేషం వేసుకుని పిండినల్లినే తింటుంది. దాన్ని చూసిన రోజు మందు కొట్టడం ఆపేయండి.

ఇక ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరగడం, అదీ లేతాకుల్లో అంటే, ఇనుము అందడం లేదన్నమాట. ముదురాకు మొత్తం పసుపైతే అది వేరే కథ, నీళ్ళో చలో వయసో. డిఎపిలో ఫాస్ఫేటు రూపంలో 46 శాతం భాస్వరం ఉంటుంది. మందారానికి భాస్వరం తక్కువ, పొటాష్ ఎక్కువ కావాలి. భాస్వరం పేరుకుపోతే మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు. ఎముకల పొడి కూడా ఇదే బాపతు, పూలమొక్కలన్నిటికీ మంచిదని వేసేస్తుంటారు. పైమట్టి రెండంగుళాలు తీసేసి, వర్మీకంపోస్టు కలిపిన కొత్తమట్టి వేయండి. మట్టి పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె) 6 నుంచి 7 లోపు ఉండాలి. అంతకు మించి ఉంటే మామూలు ఇనుప మందు పనిచేయదు, ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఐరన్ (అలాంటి మట్టిలోనూ వేరుకు అందే ఇనుము) అడగండి. అంతకన్నా ముందు కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి, వానల్లో సగం పసుపు దాని పుణ్యమే. వాన లేని రోజుల్లో ఉప్పుగాలి వీస్తే ఆకుల్ని మంచినీళ్ళతో కడిగేయండి.

ప్ర: కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి? చలికి నల్లబడినవి వెంటనే తీసేయొచ్చా?

జ: పువ్వు కొత్త కొమ్మ మీదే వస్తుంది కాబట్టి కత్తిరించాల్సిందే, కానీ చలి పూర్తిగా వెళ్ళాక. ముందే కత్తిరిస్తే లేత చిగుళ్ళు వచ్చి తర్వాతి చలికి మాడిపోతాయి. నల్లబడిన కొమ్మల్ని అలాగే ఉంచండి, కింది భాగానికి అవే కొంత రక్షణ. వేడి వచ్చాక గీకి చూసి, పచ్చి కనిపించిన చోటికి కాస్త పైన, బయటివైపు చూసే కణుపు మీద ఏటవాలుగా కోయండి. ఏ చెట్టునైనా ఒకసారికి మూడో వంతుకన్నా ఎక్కువ తీయొద్దు. మళ్ళీ పూయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటు మొక్క అయితే అంటు కింది నుంచి వచ్చే చిగుళ్ళు తుంచేయండి, అవి వేరే రకం పూస్తాయి. చలికి పైభాగం చచ్చిపోయిన చెట్టు ‘పువ్వు రంగు మార్చింది’ అని రాసేవాళ్ళందరి కథా ఇదే.

ప్ర: చలికాలానికి ముందే కొమ్మలు నాటి ఉంచుకుంటే, పెద్ద చెట్టు పోయినా మిగులుతుంది కదా?

జ: మంచి ఆలోచన, కొమ్మ మరీ లేతగా, మరీ ముదురుగా కాకుండా, పెన్సిలంత మందం, జానెడు కన్నా కాస్త తక్కువ పొడవు ఉండాలి. పైన రెండాకులు ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరించండి. తడిపి పిండిన కొబ్బరి పొట్టు, ఇసుక సమంగా కలిపి అందులో రెండు కణుపులు మునిగేట్టు గుచ్చి, పైన పారదర్శక కవర్ బోర్లించి, నేరుగా ఎండ పడని వెచ్చటి చోట పెట్టండి. 20 డిగ్రీల కన్నా తగ్గితే వేరు పోయడం బాగా ఆలస్యమవుతుంది, కాబట్టి ఇది వేసవి చివర్లోనే చేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, పుల్లను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి, రానని బిగపట్టిందంటే వేరు పోసినట్టే. రోజూ లాగి చూడకండి. మొదట్లో నేను అదే పని చేసి నాలుగింట్లో మూడు పోగొట్టుకున్నాను, బతికిన నాలుగోది మంచం కింద మరిచిపోయింది.